చంక దిగే చదువు

"ఎత్తుకుంటే చంక మరుగుతాడే, కాసేపు ఏడవనీ!" ఈ మాట వినని బాలింత మన తెలుగునాట ఉండదు. అత్తగారు అంటుంది, పక్కింటి పిన్నిగారు అంటుంది, చంటాడికి నలుగుపెట్టి నీళ్లు పోసే మనిషి కూడా అంటుంది. తమాషా ఏమిటంటే, ఆ మాటన్న ఆవిడే రెండు నిమిషాలు ఆగలేక అందరికంటే ముందు పరిగెత్తి ఎత్తుకుంటుంది. అందుకే మన దగ్గర ఈ సలహా వల్ల పెద్దగా నష్టమేమీ జరగలేదు. అమెరికాలో అలా కాదు. అక్కడ దీన్ని సైన్స్ అని చెప్పి పుస్తకంగా అచ్చేశారు.

1928లో జాన్ వాట్సన్ అనే పేరుమోసిన సైకాలజిస్టు పిల్లల పెంపకం మీద ఓ పుస్తకం రాశాడు. పిల్లల్ని వాటేసుకోవద్దన్నాడు, ముద్దులు పెట్టొద్దన్నాడు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నాడు. మరీ ఉండబట్టకపోతే రాత్రి పడుకోబోయే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున్న లేచాక ఒక షేక్‌హ్యాండు. నేను కల్పించి చెప్పడం లేదు, నిజంగానే అలా రాశాడు. ఆయన లెక్కేమిటంటే, పిల్లాడు రేపు తన కాళ్ల మీద తాను నిలబడాలంటే ఆనుకునే అలవాటు ఇవాళే మాన్పించాలి. వినడానికి సబబుగానే ఉంది కదూ? ఉంది కాబట్టే ఇంకా చాలామంది లోపల్లోపల అదే నమ్ముతున్నారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు కూడా మొన్న ఫోన్లో అదే బెంగ వెళ్లబోసుకుంది. "తాతయ్యా, వీడికి పదకొండో నెల. బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తాడు. వచ్చే నెల డేకేర్‌లో వెయ్యాలి. ఇలా కొంగు పట్టుకుని పెరిగితే రేపు సొంతంగా ఏం బతుకుతాడు?"

"సొంతంగా బతకడం సంగతి తర్వాత చూద్దాంగానీ, ముందు ఓ కోతి కథ విను తల్లీ" అన్నాను. ఆ కథ మీకూ చెప్తాను.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అని ఒకాయన ఉండేవాడు. ఆయన ప్రయోగాలన్నీ రీసస్ కోతుల మీద. ఉత్తరాది గుళ్ల దగ్గర మన చేతిలో అరటిపండు లాక్కుపోతుందే, ఆ ఎర్రమూతి కోతి. ఆ రోజుల్లో అమెరికా ల్యాబులకి ఇవి మన దేశం నుంచే వేలకొద్దీ ఎగుమతయ్యేవి. 1978లో గానీ మన ప్రభుత్వం దాన్ని ఆపలేదు. వచ్చిన కోతులు జబ్బులు మోసుకొస్తున్నాయని హార్లో తన దగ్గరే పిల్లల్ని పుట్టించి, పుట్టిన కొన్ని గంటలకే తల్లి దగ్గర్నుంచి తీసేసి, విడివిడి బోనుల్లో సీసాపాలతో పెంచడం మొదలెట్టాడు. పిల్లలు ఏపుగానే పెరిగాయి. కానీ బోనులో కింద పరిచిన గుడ్డలున్నాయి చూశారూ, మన పొత్తిగుడ్డల్లాంటివి, వాటిని కరుచుకుని వదిలేవి కావు. ఉతుకుదామని గుడ్డ తీస్తే ఒకటే గోల.

హార్లోకి తీగ అక్కడే దొరికింది. రెండు బొమ్మతల్లుల్ని చేయించాడు. ఒకటి ఉత్త ఇనపతీగల తల్లి. రెండోదానికి పైన మెత్తటి తువ్వాలు గుడ్డ చుట్టించాడు. కొన్ని పిల్లలకి పాలసీసా తీగతల్లికే కట్టాడు. అవి ఆకలేసినప్పుడు అక్కడికి పోయి నాలుగు గుక్కలు తాగి, మళ్లీ వచ్చి గుడ్డతల్లిని కరుచుకునేవి. పగలూ రాత్రీ దాని మీదే కాపురం. పాలిస్తుంది కాబట్టే పిల్లకి తల్లంటే ప్రేమ అనే పాత వాదం దీంతో నీరుగారిపోయింది. 1958లో హార్లో ఈ సంగతులు సాటి సైకాలజిస్టుల సభలో చెప్తే పెద్ద సంచలనమే అయింది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. నాకు ముచ్చటగా అనిపించేది ఆ తర్వాతి ప్రయోగం. పిల్లకోతిని తీసుకెళ్లి కొత్త గదిలో వదిలారు. గది నిండా అది ఎన్నడూ చూడని వస్తువులు. గుడ్డతల్లి లేకుండా వదిలితే, ఓ మూల ముడుచుకుని, తన ఒళ్లు తనే పట్టుకుని, వేలు చీక్కుంటూ కీచుమని అరుస్తూ కూర్చుంది. బొమ్మల జోలికి పోలేదు. గుడ్డతల్లిని ఆ గదిలో పెట్టి వదిలితే మాత్రం మొదట ఒక్క ఉరుకున పోయి దాన్ని వాటేసుకుంది. కాసేపటికి ఒళ్లు సడలింది. మెల్లగా దిగింది. ఓ బొమ్మ దగ్గరికి పోయి, దాన్ని కెలికి, మళ్లీ పరుగెత్తుకొచ్చి తల్లిని ముట్టుకుని, ఈసారి ఇంకాస్త దూరం పోయింది.

వాట్సన్ లెక్క ప్రకారమైతే ఆనుకునే అలవాటు లేని పిల్లే గదంతా కలయతిరగాలి. జరిగింది దానికి సరిగ్గా ఎదురు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్న పిల్లే దాన్ని వదిలిపెట్టి వెళ్లగలిగింది. అయితే ఒకటి చెప్పాలి, ఆ కోతిపిల్లల్ని పెంచిన తీరు తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఆ తర్వాత హార్లో ఇంతకంటే ఘోరమైన పనులు చేశాడు, అవన్నీ ఇక్కడ వద్దులెండి.

మనుషుల్లో ఈ సంగతి తేల్చినవాళ్లు ఇద్దరు. లండన్‌లో జాన్ బౌల్బీ అనే డాక్టరు, ఆయనతో కొన్నాళ్లు పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్. బౌల్బీ కలిగినవాళ్ల ఇంట పుట్టాడు. అప్పటి ఇంగ్లండు పెద్దిళ్ల ఆచారం ప్రకారం ఆయా చేతుల్లో పెరిగాడు. నాలుగేళ్లు వచ్చేసరికి ఆ ఆయా వెళ్లిపోయింది. మరి కొన్నేళ్లకి బోర్డింగ్ స్కూల్లో పడేశారు. ఆ బాధ ఆయన జన్మలో మర్చిపోలేదు. ఆయన చెప్పిందల్లా ఒకటే. బిడ్డ తల్లిని అంటిపెట్టుకోవడం చెడ్డ అలవాటు కాదు, బలహీనతా కాదు. ఆకలిలాగా పుట్టుకతో వచ్చిన గుణం. కోరలూ గోళ్లూ లేని పసిగుడ్డు బతికి బట్టకట్టడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు.

ఐన్స్‌వర్త్ 1954లో భర్త ఉద్యోగం మీద ఉగాండా వెళ్లింది. ఊరికే కూర్చోలేక కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 ఇళ్లకు తిరుగుతూ తల్లీబిడ్డల్ని గమనించింది. అక్కడ ఆవిడకి కొట్టొచ్చినట్టు కనిపించింది ఇదే. పాకే పిల్లలు తల్లి దగ్గర్నుంచి బయల్దేరతారు, కొంత దూరం పోతారు, వెనక్కి చూస్తారు, మళ్లీ పోతారు. తల్లి లేచి వెళ్లిపోతే వాళ్ల సాహసమంతా ఠక్కున ఆగిపోతుంది.

దీనికోసం ఉగాండా దాకా వెళ్లక్కర్లేదు, మీ ఇంట్లో పాకే పిల్లాడుంటే ఓ అరగంట పేపరు పక్కన పెట్టి చూడండి. మా మునిమనవణ్ణి సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. వాళ్లమ్మ హాల్లో బట్టలు మడత పెడుతోంది. వీడు పాక్కుంటూ చెప్పుల స్టాండు దాకా పోయాడు. నా హవాయి చెప్పు ఒకటి అందుకున్నాడు. అందుకుని వెంటనే నోట్లో పెట్టుకోలేదు, తల తిప్పి వాళ్లమ్మ మొహం చూశాడు. ఆవిడ తలెత్తకుండానే "ఊఁ" అంది. అది వాడికి చాలింది, చెప్పు కొస కొరకడం మొదలెట్టాడు. ఈలోగా కుక్కరు కూత పెట్టిందని ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. అంతే, చెప్పు అక్కడే పడేసి, ఆ తీయని వ్యాపకమంతా మర్చిపోయి, కీచుమంటూ వంటింటి గడప దాకా దేకాడు. ఆవిడ ఎత్తుకుని ఓ సారి భుజమ్మీద తట్టి దించితే, మళ్లీ చెప్పుల స్టాండు దగ్గరికే! ఈసారి జోడులో రెండోది.

ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇదే చూడబోతే ఐన్స్‌వర్త్‌కి ఒక చిక్కొచ్చింది. అక్కడి పిల్లలకి తల్లి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడం, రావడం అలవాటే. ఇంట్లో చూస్తే ఉగాండాలో కనిపించినంత స్పష్టంగా ఏమీ కనిపించలేదు. అందుకని విశ్వవిద్యాలయంలో ఒక కొత్త గది ఏర్పాటు చేసి, అద్దం వెనక నుంచి చూసింది. మొత్తం 20 నిమిషాల వ్యవహారం. ఏడాది పిల్లాడు, తల్లి, కొన్ని బొమ్మలు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి పోతుంది, తిరిగొస్తుంది. మళ్లీ పోతుంది, ఈసారి పిల్లాడు ఒక్కడే, మళ్లీ వస్తుంది.

అందరూ ఏం అనుకున్నారంటే, తల్లి వెళ్లినప్పుడు ఎంత ఏడిస్తే అంత ప్రేమ అని. ఆవిడ పట్టుకున్న గుట్టు వేరే. వెళ్లేటప్పుడు ఏడ్చాడా లేదా అన్నది పెద్ద విషయం కాదు, తిరిగి వచ్చినప్పుడు ఏం చేశాడన్నదే విషయం. ఎక్కువమంది పిల్లలు తల్లి రాగానే చేతులు చాచి ఎక్కేసి, రెండు వెక్కిళ్లు పెట్టి, ఊరుకుని, మళ్లీ బొమ్మల్లో పడ్డారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోరు. ఎక్కుతారు, తంతారు, దించితే మళ్లీ గోల. బొమ్మల మీదికి మనసే పోదు. ఇంకొందరున్నారు, తల్లి పోయినా చూడరు, వచ్చినా చూడరు, తమ ఆట తాము ఆడుకుంటుంటారు. చూసినవాళ్లు "అబ్బ, ఎంత బుద్ధిమంతుడు, ఎవరితోనూ పనిలేదు" అని మెచ్చుకునే పిల్లలు వీళ్లే. తర్వాత వేరే పరిశోధకులు ఇలాంటి పిల్లల గుండె కొట్టుకునే వేగం కొలిచి చూశారు. పైకి రాయిలా ఉన్న ఆ పసివాళ్ల గుండె లోపల దడదడలాడుతోంది. పిలిచినా పలికేవాళ్లు లేరని పిలవడం మానేసిన పిల్లలన్నమాట. దాన్ని స్వతంత్రం అనుకున్నాం మనం.

మరి చంక మరగడం మాటేమిటి? ఐన్స్‌వర్త్ బాల్టిమోర్ ఇళ్లకు ఏడాది పొడుగునా తిరిగి చూసినదాంట్లో, మొదటి నెలల్లో ఏడుపుకి వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికొచ్చేసరికి తక్కువ ఏడ్చారు. అది 26 ఇళ్ల లెక్కే, దాని మీద వాదోపవాదాలూ నడిచాయి. అంతకంటే గట్టి సాక్ష్యం మిన్నెసోటా నుంచి వచ్చింది. అక్కడ అలాన్ స్రూఫ్, బైరన్ ఎగ్లండ్ 1970లలో 267 మంది పేద గర్భిణులతో మొదలెట్టి, వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా వెంటబడి చూశారు. ఏడాది వయసులో తల్లి దగ్గర నిశ్చింతగా ఉన్న పిల్లలే నర్సరీకి వచ్చేసరికి టీచరమ్మను తక్కువ వేధించారు, తమ పనులు తాము చేసుకున్నారు. ఏడాది వయసులో తల్లిని పట్టించుకోనట్టు ఉన్నవాళ్లు, తల్లి దగ్గర ఊరడిల్లనివాళ్లు, ఇద్దరూ టీచరు చుట్టూ తిరిగే రకమే అయ్యారు.

అంతమాత్రాన ఏడాదికల్లా నుదుటిరాత ఖాయమైపోతుందని బెంబేలు పడకండి. తర్వాత వచ్చే స్నేహాలు, గురువులు, మంచి పెళ్లి, ఇవన్నీ దాన్ని దిద్దుతాయి, చెడ్డవి చెడగొడతాయి కూడా. డేకేర్ గురించి మా మనవరాలికి చెప్పింది ఇదీ. అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లల్ని చూసిన ఓ పెద్ద అధ్యయనం 1990లలోనే జరిగింది. డేకేర్‌లో వేసినంత మాత్రాన తల్లీబిడ్డల బంధం తెగదని, ఇంటికొచ్చాక తల్లి పలికే తీరే ముఖ్యమని తేల్చింది. ఇక ఎనిమిదో నెల దాటాక వెంటపడి ఏడవడం పిల్లలందరికీ ఉన్నదే. తల్లి కనిపించకపోయినా ఎక్కడో ఉందన్న తెలివి వచ్చిందిగానీ, ఎప్పుడొస్తుందన్న లెక్క ఇంకా రాలేదు. ఏడవక ఏం చేస్తాడు?

ఐన్స్‌వర్త్ పెట్టిన ఆ కొత్త గది పరీక్షను దేశదేశాల్లో చేశారు. ఉత్తర జర్మనీలో బీలెఫెల్ట్ అనే ఊళ్లో దాదాపు సగం మంది పిల్లలు తల్లిని పట్టించుకోని రకం. జపాన్‌లో సప్పొరోలో అలాంటి పిల్లాడు ఒక్కడూ దొరకలేదు. కాకపోతే మూడోవంతు మంది ఏడుపు ఎంతకీ మానలేదు. అయితే జర్మన్ తల్లులకి ప్రేమ లేదనీ, జపాన్ పిల్లలు పిరికివాళ్లనీ అందామా? ఆ జర్మన్ ఊరి తల్లులు, పిల్లాడు తొందరగా తన సంగతి తాను చూసుకోవాలని కోరుకుంటారు. ఈ జపాన్ పిల్లలు పుట్టాక ఒంటరిగా ఉండి ఎరగరు, గదిలో ఒక్కణ్ణీ వదిలితే హడలిపోరూ? మన పల్లెటూరి పిల్లాణ్ణి ఆ గదిలో పెడితే వాడూ ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. ఒక ఊరి బెత్తెతో ఇంకో ఊరి పొలం కొలిస్తే ఇలాగే ఉంటుంది.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే పనికొచ్చిన మాట చెప్పింది ఒక టర్కీ ఆవిడ, చిదెమ్ కాగిట్చిబాషి. పాశ్చాత్యుల పుస్తకాల్లో స్వతంత్రం ఒక చివర, అనుబంధం ఇంకో చివర ఉంటాయి. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి, పెద్దవాడు కావడం అంటే ఇల్లు విడిచి దూరం జరగడం అని. ఆవిడ అందీ, మీరు రెండు వేరు వేరు కొలతల్ని ఒకే బద్ద మీద కొలుస్తున్నారని. మనుషుల మధ్య దూరం ఎంత అన్నది ఒకటి. పగ్గం ఎవరి చేతిలో ఉంది అన్నది ఇంకొకటి. దగ్గరగా ఉంటూనే తన పగ్గం తాను పట్టుకున్నవాళ్లు ఉంటారు. ఎంతో దూరాన ఉండి ఇంకొకరి చేతిలో పగ్గం పెట్టినవాళ్లూ ఉంటారు. 1970లలో తొమ్మిది దేశాల్లో పిల్లలంటే తల్లిదండ్రులకి ఏమిటి విలువ అని అడిగిన పెద్ద సర్వేలో ఆవిడ పనిచేసింది. చదువులూ పట్నవాసమూ పెరిగేకొద్దీ ముసలితనంలో కొడుకు తిండి పెట్టాలన్న ఆశ తగ్గుతుందిగానీ, మనసుకు దగ్గరగా ఉండాలన్న కోరిక తగ్గదని ఆవిడ చూపించింది. పెన్షను వచ్చే నాలాంటివాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. డబ్బు పంపమని ఎవర్నీ అడగను, ఆదివారం ఫోను రాకపోతే మాత్రం అన్నం సయించదు.

ఈ రెండు కొలతలూ పెట్టుకుని మన ఇళ్లు చూడండి. డాలస్‌లో ఉండే కొడుకు, వయసు నలభై దాటింది, సోఫా కొనాలన్నా అమ్మకి వీడియో కాల్ చేసి రంగు అడుగుతాడు. నచ్చని సంబంధం నాన్న కుదిర్చితే నోరెత్తడు, తర్వాత నోరెత్తని కోపమంతా పెళ్లాం మీద చూపిస్తాడు. సముద్రాలు దాటాడుగానీ గడప దాటలేదు. ఇంకో ఇంట్లో చూస్తే పైపోర్షన్‌లో కూతురు ఉంటుంది, రోజూ కిందికొచ్చి తల్లి చేతి పప్పుచారు తిని పోతుంది, కానీ ఉద్యోగం మారాలన్నా పిల్లాణ్ణి ఏ బళ్లో వెయ్యాలన్నా తనకు తోచినట్టు చేసి, చేశాక చెప్తుంది. తల్లి రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు గారెలు వేస్తుంది. వీళ్లిద్దర్లో ఎవరు స్వతంత్రులో మైళ్లు లెక్కపెడితే తేలదు.

హాస్టళ్ల సంగతీ ఇంతే. ఇంటర్మీడియట్‌కి పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో పడేసి "స్వతంత్రంగా బతకడం నేర్చుకుంటాడు" అంటారు. అక్కడ నిద్ర లేవడం దగ్గర్నుంచి చదివే చాప్టరు దాకా గంట కొట్టి చేయిస్తుంటే వాడి పగ్గం వాడి చేతికి ఎప్పుడొచ్చిందండీ? రెండేళ్లపాటు అటు అమ్మ ఒళ్లూ లేదు, ఇటు సొంత నిర్ణయమూ లేదు. రెండు కొలతల్లోనూ సున్నాయే. బడిపంతులుగా చేసినన్నాళ్లూ చూశాను, ఇంటికి ఫోన్ చేసి ఏడ్చిన పిల్లాడి గురించి నాకు పెద్ద భయం ఉండేది కాదు. సెలవులకి ఇంటికెళ్లి "అంతా బాగుంది" అని తప్ప ఇంకో మాట చెప్పని పిల్లాడు కనిపిస్తేనే వాళ్ల నాన్నకి కబురు పెట్టేవాణ్ణి. మార్కుల షీటు అడిగే ముందు "అన్నం ఎలా ఉంటోంది, పక్క మంచం వాడెవడు" అని అడిగే తండ్రి ఉంటే, ఆ పిల్లాడు ఎక్కడికైనా పోగలడు.

దగ్గరితనం పేరుతో రెక్కలు కత్తిరించడమూ మన ఇళ్లల్లో తక్కువేం కాదు, దాన్ని ప్రేమ అని బుకాయించడం నాకు నచ్చదు. గుడ్డతల్లిలో ఉన్న గొప్ప గుణం ఇంకొకటుంది. పిల్ల దిగి పోతుంటే వెనక్కి లాగదు. "నువ్వు వెళ్తే నేనేమైపోవాలిరా" అనదు. బొమ్మ కాబట్టి అనలేదనుకోండి. నోరున్న తల్లిదండ్రులకి అదే కష్టం.

పెద్దయ్యాక కూడా ఈ లెక్క మారదు. బ్రూక్ ఫీనీ అనే అమెరికా సైకాలజిస్టు 2007లో ఆలుమగల్నీ ప్రేమికుల్నీ పరిశీలించి చెప్పింది. కష్టం చెప్పుకుంటే విసుక్కోకుండా వినే తోడున్నవాళ్లు, ఆరు నెలలు గడిచేసరికి సొంతంగా కొత్త పనులకి పూనుకోవడంలో ముందున్నారని. అంతకు ముందు ఏడాది జేమ్స్ కోన్ బృందం ఇంకా చిత్రమైన ప్రయోగం చేసింది. పెళ్లయిన 16 మంది ఆడవాళ్లని ఒక్కొక్కరినే మెదడు స్కానర్లో పడుకోబెట్టి, తెర మీద ఫలానా గుర్తు వస్తే చిన్న కరెంటు షాక్ కొట్టవచ్చని చెప్పారు. ఒకసారి ఎవరూ లేకుండా, ఒకసారి ముక్కూమొహం తెలియనివాడి చెయ్యి పట్టుకుని, ఒకసారి మొగుడి చెయ్యి పట్టుకుని. ముప్పు రాబోతోందని మెదడు చేసే హడావిడి, పరాయి చెయ్యి పట్టుకున్నా కాస్త తగ్గింది, మొగుడి చెయ్యి పట్టుకుంటే ఇంకా బాగా తగ్గింది. కాపురం సఖ్యంగా ఉందని చెప్పినవాళ్లలో మరీ తగ్గింది.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ వత్తులు చేసుకుంటూ అంతా విని, "కరెంటు కొట్టే మనిషిని ముట్టుకుంటే మనకీ కొడుతుంది కదండీ! ఆ మొగుళ్లు ఎలా ఒప్పుకున్నారు?" అంది. మంచి ప్రశ్నే. షాకిచ్చే తీగలు రెండూ ఆ అమ్మాయి చీలమండకే అంటించి ఉంటాయి, కరెంటు ఒక తీగలోంచి వచ్చి ఆ పక్కనే రెండోదాంట్లోంచి పోతుంది, చేతిదాకా రాదు అని బొమ్మ గీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని బొమ్మ రెండుసార్లు చూసి, "అయితే సరేలెండి. కాఫీ గిన్నె దించండి, నా చేతులకి నూనె ఉంది" అంది.